ఇంగ్లీషులో ఇంటివాళ్ళ గురించి, చుట్టాల గురించి చెప్పడం ఎలా

ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టిన తొలి వారంలోనే వచ్చే పాఠం ఇది. ఫాదర్, మదర్, బ్రదర్, సిస్టర్ తెలియనివాళ్ళు ఎవరుంటారు? అయినా "మీ కుటుంబం గురించి చెప్పండి" అని ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే రెండో వాక్యం దగ్గరే తడబాటు మొదలవుతుంది. తోడికోడల్ని ఏమంటారు, మేనత్త కొడుకుని ఏమంటారు, వియ్యంకుడికి మాట ఉందా అని వెతుకుతూ ఆగిపోతాం.

ఆ వెతుకులాట మానేయండి. మనం వాడే బంధుత్వ పదాల్లో సగానికి పైగా ఇంగ్లీషులో విడి పదాలు లేవు. వాళ్ళు ముందు ఒక స్థూలమైన మాట అంటారు, వినేవాళ్ళకి అవసరమైతేనే వెనక ఒక వివరం చేరుస్తారు. "మై అంకుల్" అంటే చాలాసార్లు సరిపోతుంది. ఎవరో తెలియాల్సి వచ్చినప్పుడు "మై మదర్స్ యంగర్ బ్రదర్" అంటారు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే మిగతా వ్యాకరణం అంత కష్టం కాదు.

ముందు కాగితం మీద వంశవృక్షం

కాగితం అడ్డంగా పెట్టుకుని మధ్యలో మీ పేరు రాయండి. పై వరసలో అమ్మానాన్నలు, వాళ్ళ తోబుట్టువులు. ఆ పైన తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ. మీ వరసలో మీ తోబుట్టువులు, పెద్దనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు, మేనత్త, మేనమామ పిల్లలు. కింది వరసలో వీళ్ళందరి పిల్లలు. పెళ్ళి ద్వారా బంధువులైనవాళ్ళని వేరే రంగు సిరాతో రాయండి. మొదటిసారి పదిహేను, ఇరవై మంది చాలు. ఊరందర్నీ ఎక్కిస్తే కాగితం నిండుతుంది కానీ మాట రాదు.

ఇప్పుడు ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి నాకు పై తరమా, నా తరమా, కింది తరమా? రక్తసంబంధమా, పెళ్ళి వల్ల వచ్చిన బంధమా? నాకూ ఈ మనిషికీ మధ్య ఉన్నది ఎవరు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఇంగ్లీషు మాట దానంతటదే తేలుతుంది.

పై తరంలో అమ్మానాన్నల తోబుట్టువుల్లో మగవాళ్ళంతా అంకుల్, ఆడవాళ్ళంతా ఆంట్. పెద్దనాన్న, బాబాయి, మేనమామ ముగ్గురికీ ఒకటే మాట. పెద్దమ్మ, పిన్ని, మేనత్త ముగ్గురికీ ఒకటే మాట. వాళ్ళ భార్యలకీ భర్తలకీ కూడా ఇవే మాటలు: పిన్ని భర్త అంకుల్, మేనమామ భార్య ఆంట్. ఇక్కడ "ఇన్-లా" తగిలించరు. నా తరంలో వీళ్ళ పిల్లలందరూ కజిన్స్. కింది తరంలో నా తోబుట్టువుల కొడుకు నెఫ్యూ, కూతురు నీస్.

మన అలవాటు అడ్డం వచ్చేది కజిన్ దగ్గరే. మనకి పెద్దనాన్న కొడుకు అన్నే, పిన్ని కూతురు చెల్లెలే, కానీ మేనత్త కొడుకు బావ. తండ్రి అన్నదమ్ముల పిల్లల్ని, తల్లి అక్కచెల్లెళ్ళ పిల్లల్ని తోబుట్టువులతో కలిపేసి, మేనత్త, మేనమామ పిల్లల్ని మాత్రం విడిగా లెక్కపెట్టే ఈ పద్ధతికి మానవశాస్త్రంలో ద్రావిడ పద్ధతి అనే పేరు స్థిరపడింది. 1871లో అమెరికన్ పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ రకరకాల జాతుల బంధుత్వ పట్టికలు అచ్చువేసినప్పుడు వాటిలో తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. ఇంగ్లీషుకి ఈ తేడా పట్టదు. ఆ పిల్లలందరూ కజిన్సే, ఒక్కరూ బ్రదర్ కారు.

అందుకే మనవాళ్ళు "కజిన్ బ్రదర్", "కజిన్ సిస్టర్" అనే జోడు మాటలు పుట్టించుకున్నారు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు వాటితో ఇబ్బందేమీ లేదు, అందరికీ అర్థమవుతాయి. బయటివాళ్ళతో, పరీక్షలో, రాతలో వాడకండి. ఆడో మగో తెలియాలంటే తర్వాతి వాక్యంలో హీ, షీ చెబుతాయి: "ఐ గ్రూ అప్ విత్ మై కజిన్. షీ ఈజ్ ఎ నర్స్ నౌ." ఆ షీతో పని అయిపోయింది.

కజిన్ పిల్లల్ని ఏమనాలి? "మై కజిన్స్ సన్" అంటే చాలు. ఖచ్చితమైన పేరు "ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్". ఇద్దరు కజిన్స్ పిల్లలు ఒకరికొకరు సెకండ్ కజిన్స్ అవుతారు. ఇవి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే తరచూ తప్పు చెప్పే మాటలు కాబట్టి మీరు వీటికోసం రాత్రులు మేలుకోనక్కర్లేదు.

నెఫ్యూ దగ్గర ఇంకో మెలిక ఉంది. మగవాళ్ళు అన్న కొడుకుని "మా అబ్బాయి" అనే అంటారు, అక్క కొడుకునే మేనల్లుడు అంటారు. ఆడవాళ్ళు సరిగ్గా దీనికి తిరగేసి అక్క కొడుకుని కొడుకంటారు, అన్న కొడుకుని మేనల్లుడంటారు. ఇంగ్లీషులో నలుగురూ నెఫ్యూలే. ప్రేమకొద్దీ "మై సన్" అన్నారంటే వినేవాళ్ళు అతను మీ కడుపున పుట్టాడనే అనుకుంటారు, ఆ తర్వాత "అతని నాన్న" అంటూ మీ అన్నయ్య ఊసెత్తితే తికమకపడతారు.

బావ అనే ఒక్క మాటని విప్పితే

పటంలో బావ అని రాసిన చోటల్లా ఆగండి. ఆ మాట కింద కనీసం నలుగురు దాక్కుని ఉంటారు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు అయితే కజిన్. అక్క భర్త అయితే బ్రదర్-ఇన్-లా. భర్త అన్నగారైతే అదీ బ్రదర్-ఇన్-లా. మేనరికం చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి మొదటివాడూ మూడోవాడూ కూడా కావచ్చు, అప్పుడు మీరు చెప్పే కథకి ఏ బంధం కావాలో అదే చెప్పండి. "మీ అక్క పెళ్ళి ఎవరితో అయింది?" అంటే బ్రదర్-ఇన్-లా, "చిన్నప్పుడు ఎవరితో ఆడుకునేవారు?" అంటే కజిన్.

వదిన, మరదలు, అత్త, మామ కూడా ఇలాగే విప్పాలి. వదిన అన్న భార్య అయితే సిస్టర్-ఇన్-లా, మేనమామ కూతురైతే కజిన్. మామ అమ్మ తమ్ముడైతే అంకుల్, భార్య తండ్రైతే ఫాదర్-ఇన్-లా. నిఘంటువులో వదిన పక్కన సిస్టర్-ఇన్-లా అని చూసి బట్టీ పట్టినవాళ్ళు పెళ్ళికాని మేనమామ కూతుర్ని కూడా సిస్టర్-ఇన్-లా అనేస్తారు. వినేవాళ్ళు వెంటనే "అయితే ఆమె మీ అన్నయ్య భార్యా?" అని అడుగుతారు. అందుకే తెలుగు మాటకి ఇంగ్లీషు మాట అని జంటలు కట్టి బట్టీ పట్టకుండా, మనిషికి మాట అని పటం మీద రాసుకోమనేది.

ఇన్-లా తగిలే మాటలు రోజువారీ ఇంగ్లీషులో ఆరే: ఫాదర్, మదర్, సన్, డాటర్, బ్రదర్, సిస్టర్. భర్త పిన్నినీ భార్య కజిన్నీ చెప్పాలంటే "మై హస్బెండ్స్ ఆంట్", "మై వైఫ్స్ కజిన్" అనడమే తేలిక. బహువచనంలో ఎస్ మొదటి మాటకే చేరుతుంది: "బ్రదర్స్-ఇన్-లా", "మదర్స్-ఇన్-లా". ఎవరిదో చెప్పే అపాస్ట్రఫీ ఎస్ మాత్రం చివర్లో వస్తుంది: "మై బ్రదర్-ఇన్-లాస్ కార్". అత్తింటివాళ్ళందర్నీ కలిపి చెప్పాలంటే "మై ఇన్-లాస్".

తోడికోడలు కూడా సిస్టర్-ఇన్-లాయే. తోడల్లుడు బ్రదర్-ఇన్-లా. కో-సిస్టర్, కో-బ్రదర్ అనేవి మన ప్రాంతపు ఇంగ్లీషులో పుట్టినవి, బయటివాళ్ళకి ఏదో సంస్థలో సహసభ్యుల్లా వినపడతాయి. వియ్యంకుడికి సూటి మాట లేదు: "మై డాటర్స్ ఫాదర్-ఇన్-లా" అనాలి. సవతి సంబంధాల్లో రెండు మాటలు కలిసిపోకుండా చూసుకోండి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే ఉమ్మడి అయితే హాఫ్-బ్రదర్. రక్తం ఏమీ కలవకుండా, మీ తల్లి గానీ తండ్రి గానీ మళ్ళీ పెళ్ళి చేసుకోవడం వల్ల అన్నో తమ్ముడో అయినవాడు స్టెప్-బ్రదర్. ఇక నాన్నగారి స్నేహితుణ్ణి మామయ్యా అని పిలిచినా, అతని గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు "ఎ ఫ్యామిలీ ఫ్రెండ్" గానీ "ఎ ఫ్రెండ్ ఆఫ్ మై ఫాదర్స్" గానీ అవుతాడు.

అన్నట్టు, ఫ్యామిలీ అంటే భార్య కాదు. "మా ఫ్యామిలీ ఊరెళ్ళింది" అని మనవాళ్ళు అనే వాక్యాన్ని ఇంగ్లీషులో అలాగే పెడితే ఇంటిల్లిపాదీ వెళ్ళినట్టు అర్థం.

మొదటి వాక్యాలు

పటం తయారయ్యాక నోరు తెరవాల్సింది ఇక్కడ. ఎంతమంది అన్నదానితో మొదలుపెట్టండి: "దేర్ ఆర్ ఫైవ్ ఆఫ్ అస్ ఎట్ హోమ్." ఈ అయిదుగురిలో మీరూ ఉన్నారు. తర్వాత తోబుట్టువులు: "ఐ హావ్ టూ బ్రదర్స్ అండ్ ఎ సిస్టర్." ఇక్కడ మిమ్మల్ని లెక్కలో వేసుకోకూడదు. మనం "మేం ముగ్గురన్నదమ్ములం" అంటాం, ఆ లెక్కనే పట్టుకుని "ఐ హావ్ త్రీ బ్రదర్స్" అంటే ఇంట్లో నాలుగో అబ్బాయి పుట్టుకొస్తాడు. ఎన్నోవారో చెప్పడానికి "ఐ యామ్ ది ఎల్డెస్ట్ ఆఫ్ త్రీ", "ఐ యామ్ ది యంగెస్ట్", "ఐ యామ్ ది మిడిల్ చైల్డ్". ఒక్కరే అయితే "ఐ యామ్ యాన్ ఓన్లీ చైల్డ్". "ఓన్ బ్రదర్", "రియల్ సిస్టర్" అక్కర్లేదు, బ్రదర్ అన్నాక సొంతవాడనే అర్థం.

"ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" అనకండి. ఉండటం, కలిగి ఉండటం అనే అర్థంలో హావ్‌కి ఐఎన్‌జీ చేరదు. తినడం, తాగడం అనే అర్థంలోనైతే చేరుతుంది: "వి ఆర్ హావింగ్ డిన్నర్" తప్పు కాదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాసుకుని పదిసార్లు బయటికి చదివితే తేడా చెవికి ఎక్కుతుంది.

మా నాన్న, మా అమ్మ, మా ఆయన అనే మా కూడా చిక్కే. ఒక్కరే మాట్లాడుతున్నా మనం మా అంటాం. ఇంగ్లీషులో "అవర్ ఫాదర్" అంటే ఇంకెవరిని కలుపుకుని చెబుతున్నారా అని చూస్తారు. "మై ఫాదర్" అనండి, అందులో అగౌరవం ఏమీ లేదు. భర్తని "అవర్ హస్బెండ్" అంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే లోతుగా పాతుకున్న తప్పు గౌరవం వల్ల వచ్చేది. "నాన్నగారు వచ్చారు" అన్నప్పుడు క్రియ బహువచనం. దాన్ని తర్జుమా చేస్తూ "మై ఫాదర్ హావ్ కమ్, దే ఆర్ రెస్టింగ్" అంటారు కొందరు. వినేవాళ్ళు ఎంతమంది వచ్చారా అని చూస్తారు. ఇంకొందరు దే అనరు కానీ అమ్మ గురించి చెబుతూ హీ అనేస్తారు. దీనికీ మూలం అదే క్రియ: వచ్చాడు, వచ్చింది అన్నప్పుడు ఆడో మగో తెలుస్తుంది, వచ్చారు అన్నప్పుడు ఆ తేడా చెరిగిపోతుంది. మనసులో వాక్యం వచ్చారుతో తయారైతే నోటికి హీ, షీల్లో ఏది ముందు తగిలితే అది వస్తుంది. విరుగుడు ఒకటే. పటంలో ప్రతి పేరు పక్కనా హీ గానీ షీ గానీ రాసుకుని, ఆ మనిషి గురించి మూడు వాక్యాలు వరసగా ఆ మాటతోనే మొదలుపెట్టి చెప్పండి. "మై గ్రాండ్‌మదర్ లివ్స్ విత్ అస్. షీ ఈజ్ ఎయిటీ. షీ వేక్స్ అప్ బిఫోర్ ఎవ్రీవన్." వారం రోజులు రోజుకి అయిదుగురి చొప్పున చేస్తే పొరపాటు బాగా తగ్గుతుంది. గారుకి బదులు ఏ మాటా వెతకకండి. "మై ఫాదర్ సర్" అనేది ఎక్కడా లేదు.

అన్న, తమ్ముడు తేడా ఇంగ్లీషువాళ్ళు పట్టించుకోరు, చాలాసార్లు ఉత్త బ్రదర్ అనే అంటారు. చెప్పాలనుకుంటే ఎల్డర్ బ్రదర్, ఓల్డర్ బ్రదర్ రెండూ సరే. కానీ "దాన్" అనే మాట పెట్టి పోల్చేటప్పుడు ఎల్డర్ కుదరదు. "హీ ఈజ్ టూ ఇయర్స్ ఎల్డర్ దాన్ మీ" తప్పు, "హీ ఈజ్ టూ ఇయర్స్ ఓల్డర్ దాన్ మీ" ఒప్పు. వయసు చెప్పడానికి "హీ ఈజ్ సిక్స్‌టీ" లేదా "హీ ఈజ్ సిక్స్‌టీ ఇయర్స్ ఓల్డ్", మధ్యలో "సిక్స్‌టీ ఇయర్స్" దగ్గర ఆపేయకూడదు. సరిగ్గా తెలియకపోతే "హీ ఈజ్ ఇన్ హిజ్ సిక్స్‌టీస్".

చుట్టరికపు గొలుసు

"మా అక్కావాళ్ళ అత్తగారి తమ్ముడు" అనేది మనకి ఒక ఊపిరిలో వస్తుంది. అదృష్టవశాత్తూ అపాస్ట్రఫీ ఎస్ వరస తెలుగు వరసే: "మై సిస్టర్స్ మదర్-ఇన్-లాస్ బ్రదర్". ఆఫ్ వాడితే వరస తిరగబడుతుంది కాబట్టి మనుషుల విషయంలో ఎస్‌నే నమ్ముకోండి. అయితే రెండు ఎస్‌లు దాటితే ఇంగ్లీషు చెవి అలసిపోతుంది. మూడోది వచ్చేలా ఉంటే వాక్యం విరగ్గొట్టండి: "మై సిస్టర్ ఈజ్ మ్యారీడ్ టు ఎ డాక్టర్. హిజ్ అంకుల్ ఓన్స్ దట్ షాప్." విన్నవాళ్ళకి ఎవరెవరో బొమ్మ కట్టినట్టు తెలుస్తుంది.

అమ్మ తరఫు, నాన్న తరఫు చెప్పడానికి "ఆన్ మై మదర్స్ సైడ్". మెటర్నల్, పెటర్నల్ కాగితాల భాష, మాటల్లో అతికినట్టుండవు. ముత్తాత గ్రేట్-గ్రాండ్‌ఫాదర్. తాతగారి తమ్ముడు గ్రేట్-అంకుల్, లేదా ఉన్నదున్నట్టు "మై గ్రాండ్‌ఫాదర్స్ బ్రదర్".

పెళ్ళిళ్ళు, చావులు

ఫలానావాళ్ళతో పెళ్ళయింది అని చెప్పడానికి మ్యారీడ్ తర్వాత టు వస్తుంది, విత్ రాదు: "షీ ఈజ్ మ్యారీడ్ టు మై కజిన్." జరిగిన రోజు చెప్పేటప్పుడు "దే గాట్ మ్యారీడ్ ఇన్ 2015". ఎన్నాళ్ళయిందో చెప్పేటప్పుడు "దే హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టెన్ ఇయర్స్". పందిట్లో జరిగే కార్యక్రమం వెడ్డింగ్, ఆ తర్వాత నడిచే కాపురం మ్యారేజ్. "మై సిస్టర్స్ మ్యారేజ్ ఈజ్ నెక్స్ట్ మంత్" అనే చోట వెడ్డింగ్ అనాలి. పిల్లలు లేరని చెప్పడానికి "నో ఇష్యూస్" అనకండి, ఇష్యూస్ అంటే గొడవలు, సమస్యలు అనే అనుకుంటారు. "దే డోంట్ హావ్ చిల్డ్రన్" అంటే చాలు.

చనిపోయినవాళ్ళ గురించి చెప్పడానికి "పాస్డ్ అవే" మర్యాదైన మాట. "డైడ్" కూడా మోటు కాదు. "ఎక్స్‌పైర్డ్" మాత్రం పాస్‌పోర్టుకీ మందుసీసాకీ వదిలేయండి. సంవత్సరం చెబితే క్రియ సాదా భూతకాలంలో ఉండాలి: "మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవే ఇన్ 2018", అక్కడ హాజ్ పెట్టకూడదు. ఆ తర్వాత ఆయన గురించి చెప్పే ప్రతి వాక్యమూ వాజ్‌తోనే నడవాలి. ఎదుటివాళ్ళు "ఐ యామ్ సారీ టు హియర్ దట్" అంటారు. అది క్షమాపణ కాదు, పరామర్శ. "థాంక్ యూ" అని మాట ముందుకు నడిపించండి.

మనిషి ఎలాంటివాడో చెప్పడం

ఇంతవరకూ చెప్పింది జాబితా. సంభాషణ మొదలయ్యేది ఇక్కడ, ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. నాలుగు ప్రశ్నలు ఒకేలా వినిపిస్తాయి, జవాబులు మాత్రం పూర్తిగా వేరు. "వాట్ ఈజ్ షీ లైక్?" అంటే మనిషి ఎలాంటిది అని, జవాబు "షీ ఈజ్ క్వయిట్ బట్ ఫన్నీ". "వాట్ డజ్ షీ లుక్ లైక్?" అంటే చూడటానికి ఎలా ఉంటుంది అని, "షీ ఈజ్ టాల్, విత్ షార్ట్ హెయిర్". "వాట్ డజ్ షీ లైక్?" అంటే ఏమిష్టం అని. "హౌ ఈజ్ షీ?" అంటే బాగుందా అని, దానికి "షీ ఈజ్ ఫైన్, థాంక్స్". మొదటి ప్రశ్నలోని లైక్‌ని ఇష్టపడటం అనుకుని "షీ లైక్స్ మ్యూజిక్" అని జవాబు చెప్పడం పరీక్షల్లో తరచూ కనిపించే పొరపాటు.

పోలికకి "టేక్ ఆఫ్టర్" చాలా పనికొచ్చే మాట. రక్తసంబంధంలో పెద్దవాళ్ళ పోలిక వచ్చిందని చెప్పడానికే అది: "ఐ టేక్ ఆఫ్టర్ మై మదర్." తిరగేసి అమ్మకి నా పోలిక అనకూడదు. చనువు ఉంటే "ఐ యామ్ క్లోజ్ టు మై ఆంట్", పడితే "వి గెట్ ఆన్ వెల్". పెంచినవాళ్ళని చెప్పడానికి "మై గ్రాండ్‌పేరెంట్స్ బ్రాట్ మీ అప్". గ్రో అప్ అంటే తనంతట తాను పెరగడం, కాబట్టి "దే గ్రూ మీ అప్" కుదరదు. ఇంట్లో ఉండే అమ్మ గురించి "షీ ఈజ్ ఎ హోమ్‌మేకర్" అనండి. "షీ డజ్ నాట్ వర్క్" అంటే ఊరికే కూర్చుంటుందన్నట్టు ఉంటుంది, ఇంటి పని చేసే ఎవరికైనా అది అన్యాయమే. "హీ ఈజ్ వెల్ సెటిల్డ్" బయటివాళ్ళకి అర్థం కాని పొగడ్త. ఎక్కడుంటాడో, ఏం చేస్తాడో చెప్పండి.

ఇవన్నీ కలిస్తే ఎలా ఉంటుందో చూడండి:

"దేర్ ఆర్ ఫైవ్ ఆఫ్ అస్ ఎట్ హోమ్: మై పేరెంట్స్, మై గ్రాండ్‌మదర్, మై యంగర్ బ్రదర్ అండ్ మీ. మై డాడ్ రన్స్ ఎ ప్రింటింగ్ ప్రెస్, అండ్ మై మమ్ టీచెస్ మ్యాథ్స్. మై బ్రదర్ టేక్స్ ఆఫ్టర్ మై గ్రాండ్‌మదర్: షీ కాంట్ సిట్ స్టిల్, అండ్ నైదర్ కెన్ హీ. ఐ యామ్ క్లోజెస్ట్ టు మై ఆంట్, మై మమ్స్ సిస్టర్. షీ లివ్స్ నియర్‌బై, అండ్ షీ టాట్ మీ టు స్విమ్."

అయిదే వాక్యాలు. మొదటిది లెక్క, రెండోది వృత్తులు. మూడోదాంట్లో ఇద్దరు మనుషులు ఒకే గుణంతో ముడిపడ్డారు, హీ, షీ రెండూ సరైన చోట పడ్డాయి. నాలుగోదాంట్లో ముందు ఆంట్ అనే స్థూలమైన మాట, వెనక వివరం. అయిదోది ఒక సంఘటన, వినేవాళ్ళు తర్వాతి ప్రశ్న దాని మీదే వేస్తారు. అందరి పేర్లూ, వయసులూ, చదువులూ వరసగా అప్పజెప్పితే ఎవరికీ అడగడానికేమీ మిగలదు. మమ్ బ్రిటిష్ వాడుక, మామ్ అమెరికన్ వాడుక. ఏదైనా ఒకటి పట్టుకుని చివరిదాకా అదే వాడండి.

ఉచ్చారణలో అయిదు చోట్ల జాగ్రత్త

మదర్, ఫాదర్, బ్రదర్ మూడింట్లోనూ మన ద కాదు ఉండేది. ద పలికేటప్పుడు నాలుక పళ్ళకి ఆనుకుని గాలి ఆగిపోతుంది. ఇక్కడ నాలుక కొస పై పళ్ళ అంచుకి తగిలీ తగలకుండా ఉండి గాలి సన్నగా జారుతూ ఉండాలి. నీస్ చివర స శబ్దం గట్టిగా రావాలి, జ అయితే మోకాళ్ళు అవుతుంది. కజిన్‌లో తిరగేసి జ శబ్దమే రావాలి. డాటర్ స్పెల్లింగులో ఉన్న జీహెచ్ మూగది, దాన్ని పలకబోతే డాక్టర్‌లా వినపడుతుంది. వైఫ్ బహువచనం వైవ్స్, ఫ పోయి వ వస్తుంది.

పిలిచేటప్పుడు, అడిగేటప్పుడు

ముక్కూ మొహం తెలియని పెద్దవాళ్ళని అంకుల్, ఆంటీ అనడం మన మర్యాద. చాలా దేశాల్లో అది మర్యాద కాకపోగా వయసు ఎత్తిచూపినట్టు ఉంటుంది. "ఎక్స్‌క్యూజ్ మీ" చాలు. సొంత మేనమామనైతే అంకుల్ తర్వాత పేరు చేర్చి పిలుస్తారు. అత్తమామల్ని పేరుపెట్టి పిలిచే ఇళ్ళు చాలా ఉంటాయి, ఎలా పిలవమంటారో వాళ్ళనే అడగడం మంచిది.

మీరు అడిగేటప్పుడు "డూ యూ హావ్ ఎనీ బ్రదర్స్ ఆర్ సిస్టర్స్?" అన్నది ఎక్కడైనా నిరపాయమైన ప్రశ్న. పెళ్ళి ఎప్పుడు, పిల్లలు ఎందుకు లేరు, మీ ఆయన జీతం ఎంత అన్నవి మనదగ్గర ఆప్యాయత కింద చెల్లిపోవచ్చు, అక్కడ చెల్లవు. వాళ్ళంతట వాళ్ళు ఎవరి పేరెత్తితే వాళ్ళ గురించి మాత్రమే అడగండి.

ఫారాలు నింపేటప్పుడు

మాటల్లో తప్పుకి నవ్వుకుని ఊరుకుంటారు, ఫారంలో తప్పు కాగితాల మీద నిలిచిపోతుంది. సిబ్లింగ్ అన్న గడిలో తల్లినో తండ్రినో పంచుకున్నవాళ్ళే రావాలి. పిన్ని కొడుకుని అన్నగా రాస్తే, మీ ఇద్దరి పత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు వేరువేరుగా కనిపించినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. స్పౌజ్ అంటే భర్త గానీ భార్య గానీ. మెయిడెన్ నేమ్ అంటే పెళ్ళికి ముందున్న ఇంటిపేరు. డిపెండెంట్ అంటే మీ సంపాదన మీద ఆధారపడినవాళ్ళు. నెక్స్ట్ ఆఫ్ కిన్ దగ్గర మీకేమైనా అయితే ముందుగా కబురు చేయాల్సిన దగ్గరి బంధువు పేరు రాయాలి. "రిలేషన్‌షిప్ టు అప్లికెంట్" అన్న చోట దిక్కు తారుమారు చేయకండి. దరఖాస్తు కొడుకుది, డబ్బు కట్టేది తండ్రి అయితే, తండ్రి వివరాల పక్కన ఫాదర్ అని రావాలి, సన్ అని కాదు.

పరీక్ష కోసమైతే

విదేశాల్లో చదువుకీ ఉద్యోగానికీ అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మొదటి భాగం 4, 5 నిమిషాలు, ఇల్లు, కుటుంబం, పని, ఇష్టాలు లాంటి తెలిసిన విషయాలే అడుగుతారు. ఇక్కడ ఒక్కో ప్రశ్నకి రెండు, మూడు వాక్యాలు సరైన కొలత. రెండో భాగంలో కార్డు ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మీ కుటుంబంలో మీకు నచ్చిన మనిషి గురించి చెప్పమనే రకం కార్డులు దీనిలో వస్తుంటాయి. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ నాలుగింటికీ సమానంగా మార్కులు. బట్టీ పట్టిన జవాబుని పరీక్షకులు ఇట్టే గుర్తుపడతారు కాబట్టి వాక్యాలు కాకుండా పటంలోని మనుషుల్నే గుర్తుపెట్టుకోండి.

సాధనకి ఫోన్ చాలు. పటంలోంచి ఒకర్ని తీసుకుని ఏమీ రాసుకోకుండా ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేయండి. వినేటప్పుడు అన్ని తప్పులూ ఒకేసారి పట్టుకోబోకండి. మొదటి రోజు హీ, షీ, దే మాత్రమే వినండి. రెండో రోజు హావ్, హావింగ్. మూడో రోజు అపాస్ట్రఫీ ఎస్ చివరిదాకా పలికారా లేదా. "మై మదర్ బ్రదర్" అని ఎస్ మింగేయడం మనకి బాగా అలవాటు. నాలుగో రోజు అదే మనిషి గురించి మళ్ళీ చెప్పండి, ఈసారి ఎదుటివాళ్ళు అడగగల రెండు ప్రశ్నలు ముందే ఊహించుకుని వాటికీ జవాబు చెప్పండి. అయిదో రోజు పటంలో పక్క మనిషి దగ్గరికి వెళ్ళండి.